గిత్త బొమ్మకు అతుకులెక్కడ?



కదిలే బొమ్మల గురించి రేడియోలో మాట్లాడమంటే ఎవరికైనా కాస్త తటపటాయింపుగానే ఉంటుంది. చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు. కానీ నేను చెప్పబోయే రకం బొమ్మకు రేడియోకి మించిన పరీక్ష లేదు. నోటితో చెబితేనే మీ కళ్ళముందు నిలబడిందా, ఆ బొమ్మ సగం తయారైనట్టు. "ఇదిగో ఇలా ఉంటుంది, కొంచెం అలా కూడా ఉంటుంది" అని నసగాల్సి వచ్చిందా, గీసేవాడికే అదేమిటో ఇంకా తేలలేదన్నమాట.

ఫ్లాట్ స్టైల్ జంతువుల బొమ్మలని మా వృత్తిలో అంటాం. మీరు రోజూ చూసేవే. పిల్లల పాటల వీడియోల్లో, ఫోన్లో డబ్బులు పంపే యాప్‌లలో, టీకాల ప్రకటనల్లో, పాఠ్యపుస్తకాల అట్టల మీద ఇప్పుడు ఎక్కువగా కనిపించేవి ఇవే. వెలుగునీడలుండవు. వెంట్రుకలుండవు. రంగురంగుల గ్లేజు కాగితాలు కత్తిరించి అతికించినట్టు ఒక్కో భాగానికీ ఒక్కో రంగు, అంతే. చూసినవాళ్ళు "ఇదేముంది, మా పిల్లాడు కూడా గీస్తాడు" అంటారు. గీస్తాడు, సందేహం లేదు. దాన్ని నాలుగడుగులు నడిపించమనండి. అప్పుడు తెలుస్తుంది.

ఈ పూట ఒక ఒంగోలు గిత్తను గీసి, నడిపిద్దాం. కుక్కపిల్లో కుందేలుపిల్లో తీసుకోవచ్చు కదా అంటారేమో. అవి లోకమంతా గీసేశారు. పైగా గిత్తకు ఒక సుగుణముంది. బొమ్మ మొత్తాన్ని నల్లటి సిరాతో నింపేసి వట్టి నీడలా చేసినా అది గిత్తేనని ఇట్టే గుర్తుపడతాం. వీపు మీద ఎత్తుగా మూపురం, మెడ కింద మడతలు మడతలుగా వేలాడే గంగడోలు, తల మీద పొట్టి కొమ్ములు. జెర్సీ ఆవును అలా నల్లగా నింపి చూడండి, అది ఆవో గుర్రమో చెప్పడానికి పొదుగు వెతుక్కోవాలి. బొమ్మ వేసేవాళ్ళు మొదట చేసే పరీక్ష ఇదే: రంగులు తీసేస్తే మిగిలేదేమిటి? 2002లో హైదరాబాద్‌లో జాతీయ క్రీడలు జరిగినప్పుడు మస్కట్‌గా పెట్టుకున్న 'వీర' కూడా ఒంగోలు గిత్తే. స్టేడియంలో ఆ చివర కూర్చున్నవాళ్ళకు కూడా ఆనవాలు దొరికే జంతువు అది. బ్రెజిల్ పశువుల మందల్లో నెలోర్ అన్న పేరుతో తిరిగే తెల్లటి పశువులకు మూలం కూడా ఈ జాతే. మూపురం చూసి మనవాళ్ళు అక్కడా పోల్చుకుంటారు.

సరే, కాగితం మీదికి వద్దాం. పక్కనుంచి చూసిన గిత్త. ఒంటికి ఒక పెద్ద నిలువుదీర్ఘచతురస్రం కాదు, అడ్డంగా పడుకున్న గుండ్రటి మూలల దిమ్మె. దాని మీద, ముందుకాళ్ళకు సరిగ్గా పైన, మూపురం. అది నడివీపున వచ్చిందంటే ఒంటె అయిపోతుంది, జాగ్రత్త. గిత్తకు మూపురం భుజాల మీదే. తల ఒక మొద్దు ముక్క, కొస నలుపు. కంటి చుట్టూ నల్లటి అంచు. తోక చివర నల్లటి కుచ్చు. ఇవన్నీ నేను కల్పించినవి కావు, ఆ జాతి లక్షణాలే. ఏవి వదిలెయ్యాలి? పక్కటెముకలు, కండరాలు, గిట్ట మధ్య చీలిక, ముక్కుతాడు ముడి, ఇవన్నీ వదిలెయ్యవచ్చు. ముక్కుతాడు ఉంచుతానంటే ఉంచండి, కానీ అది కూడా ఊగాలి, ఆ పని మీదే.

ఇక్కడొక చిక్కు. గిత్త తెలుపు. తెల్ల తెర మీద తెల్ల గిత్తను పెడితే కనపడదు. చుట్టూ నల్ల గీత గీద్దామా అంటే ఫ్లాట్ పద్ధతిలో గీతలు వాడరు, రంగు అంచే గీత. వెనక ఏ మట్టిరంగో, ఎండిన వరిగడ్డి రంగో వేయాలి. ఇంకొక సాయం ఆ జంతువే చేసి పెట్టింది. మగ గిత్తలకు తల, మెడ, మూపురం దగ్గర బూడిదరంగు దిగి ఉంటుంది. నిజం గిత్తకు ఆ బూడిదరంగు మెల్లమెల్లగా తెలుపులో కలిసిపోతుంది. మన బొమ్మలో కలవడానికి వీల్లేదు. ఇక్కడిదాకా బూడిద, ఇక్కణ్ణుంచి తెలుపు అని గిరిగీసి తెంచెయ్యాలి. ఎక్కడ తెంచుతామన్నది అందానికి సంబంధించిన విషయంలా కనిపిస్తుంది. అసలు సంగతి వేరే ఉంది. ఆ గిరి పడేచోటే మెడ కదలాలి.

నా మాటంతా ఇదే. ఫ్లాట్ బొమ్మలో రంగు, ఆకారం, అంచు అన్నీ అతుకుల కోసం నిర్ణయమవుతాయి. బొమ్మ ఎక్కడెక్కడ విడిపోవాలి, ఏది దేని మీద వాలాలి, ఆ విడిపోయిన జాడ కంటికి ఎలా అందకుండా పోవాలి, ఇవి ముందు తేల్చుకోవాలి. ముందు అందమైన బొమ్మ గీసేసి, తరవాత దాన్ని ముక్కలు కొట్టి కదిలిద్దామనుకుంటే తిరిగి మొదటినుంచి గీయాల్సిందే.

ఈ సంగతి కంప్యూటర్ వచ్చాక కనిపెట్టింది కాదు. శ్రీసత్యసాయి జిల్లాలో ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అనే ఊరుంది. తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్న ఊరు. ఆ కళాకారుల్లో ఒకరు, దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. మేకతోలును వెలుతురు పారేటంత పలచగా గీకి, ఆరబెట్టి, దాని మీద బొమ్మ గీసి, కత్తిరించి, రంగులద్దుతారు. నగల గీతలు చాలావరకు రంగుతో వేయరు, చిన్న చిన్న బెజ్జాలు కొడతారు. తెర వెనక దీపం పెడితే ఆ బెజ్జాలే వెలిగి నగలవుతాయి. బొమ్మంతా ఒకే తోలు ముక్క కాదు. భుజం దగ్గర, మోచేతి దగ్గర రెండేసి ముక్కలు ఒకదానిమీదొకటి వేసి దారంతో ముడివేస్తారు. ఆ ముడి చుట్టూనే చెయ్యి తిరుగుతుంది. ఏ పాత్ర ఎక్కువ ఆడాలో ఆ పాత్రకు కీళ్ళెక్కువ. అందుకే ఆటకత్తె బొమ్మకు ఉన్నన్ని కీళ్ళు, గంభీరంగా నిలబడే రాజుకు అక్కర్లేదు. పైగా చాలా బొమ్మలు పక్కకు చూస్తున్నవే. పాత్ర అటువైపు తిరగాలంటే బొమ్మను ఇటునుంచి అటు తిప్పేస్తారు. ఇవాళ కంప్యూటర్ ముందు కూర్చుని పిల్లలు నేర్చుకుంటున్న రిగ్గింగ్ అంటే ఇదే. దారం ముడి స్థానంలో పివట్ అనే చుక్క వచ్చింది, అంతే తేడా.

మరి పాశ్చాత్యులు ఈ దారికి ఎలా వచ్చారో కూడా చెప్పాలి. డబ్బు ఇబ్బంది వల్ల వచ్చారు. 1914లో అమెరికాలో విన్సర్ మెకే అనే ఆయన 'గెర్టీ' అనే డైనోసార్‌ను కదిలించాడు. వేల బొమ్మలు. ప్రతి బొమ్మలోనూ గెర్టీతో పాటు వెనకున్న కొండల్ని, రాళ్ళను కూడా మళ్ళీ గీయాల్సి వచ్చింది. అదే ఏడాది ఎర్ల్ హర్డ్ అనే ఆయన పారదర్శకమైన సెల్యులాయిడ్ రేకుల మీద పాత్రను విడిగా గీసి, వెనక దృశ్యం మీద పరిచే పద్ధతికి పేటెంట్ కోరాడు. దాంతో కదలనిదాన్ని మళ్ళీ మళ్ళీ గీసే బాధ తప్పింది. తరవాత 'టామ్ అండ్ జెర్రీ' చేసిన హన్నా, బార్బెరా ఇద్దరూ, 1957లో తాము పనిచేసే సినిమా కార్టూన్ విభాగం మూతపడటంతో టెలివిజన్‌కు వచ్చారు. టీవీ వాళ్ళిచ్చే డబ్బు సినిమా డబ్బులో చాలా చిన్న వంతు. అప్పుడు పాత్రను కూడా ముక్కలు చేశారు. మాట్లాడుతుంటే నోరు, తల మాత్రమే కదులుతాయి, ఒళ్ళు అలాగే ఉండిపోతుంది. 1958లో వచ్చిన యోగి బేర్‌ను గుర్తు తెచ్చుకోండి. ఎలుగుబంటి, ఒంటి మీద చొక్కా లేదు, కానీ మెడలో కాలరు, టై మాత్రం ఉంటాయి. తమాషాకి పెట్టారనుకుంటాం. తల ఒక రేకు మీద, ఒళ్ళు ఇంకో రేకు మీద ఉన్నాయి. ఆ రెండూ కలిసే గీత కనపడకుండా కాలరు కప్పేస్తుంది. అప్పటి వాళ్ళ చాలా జంతువుల మెడల్లో ఏదో ఒక పట్టీ ఉండటానికి కారణం అదే.

2004లో బ్రిటన్‌లో మొదలైన 'పెప్పా పిగ్'ది ఇంకో ఎత్తు. ఆ పందిపిల్లకు రెండు కళ్ళూ ముక్కుకు ఒకే వైపున ఉంటాయి. నిజంగా అలాంటి పంది ఉంటే భయపడి పారిపోతాం. పిల్లలు మాత్రం ఏనాడూ ప్రశ్నించరు. ఎదురుగా నిలబడి మనల్నే చూసే పెప్పాను గీయడం దాదాపు అసాధ్యం, అందుకే ఆమెను పక్కవాటుగానే ఉంచారు, తిరగాలంటే తిప్పేస్తారు. మన తోలుబొమ్మలాట తెరను ఎరిగినవాళ్ళకు ఇందులో వింతేమీ లేదు. మన దేశంలో 1974లో ఫిల్మ్స్ డివిజన్ తీసిన 'ఏక్ అనేక్ ఔర్ ఏకతా'లో వలతో పాటు ఎగిరిపోయే పిట్టలు కూడా ఇలాంటి సరళమైన బొమ్మలే. విజయా మూలే తీసిన ఆ చిత్రానికి భీమ్‌సేన్ బొమ్మలు కదిలించారు. దూరదర్శన్‌లో దాన్ని చూసి పెరిగిన తెలుగు పిల్లలు హిందీ సరిగా రాకపోయినా ఆ పిట్టల్ని మరిచిపోలేదు. హైదరాబాద్‌లో తయారై 2008లో టీవీకెక్కిన 'ఛోటా భీమ్'లో జగ్గు కోతి దాకా ఈ వరస వస్తూనే ఉంది.

ఇక మన గిత్త దగ్గరికి. ముక్కలు లెక్కపెడదాం. ఒక్కో కాలికి రెండేసి చొప్పున ఎనిమిది. ఒళ్ళు, తల, దవడ, చెవి, కనురెప్ప, తోక, కుచ్చు. కొమ్ములు తలకు అతుక్కునే ఉంటాయి, మూపురం ఒంటికి. కాలి పై ముక్క ఒంటిలో కలిసేచోట ఏం చేస్తారంటే, ఆ ముక్క పై కొసను కచ్చితమైన గుండ్రంగా గీస్తారు. ఆ గుండ్రం నడిబొడ్డున పివట్ పెడతారు. వృత్తం తన కేంద్రం చుట్టూ ఎంత తిరిగినా అంచు మారదు కదా. కాలు ముందుకు పోయినా వెనక్కి వచ్చినా తొడ దగ్గర ఖాళీ పడదు, మూల పొడుచుకురాదు. ఒంటి తెలుపు, కాలి తెలుపు ఒకటే కాబట్టి రెండు ముక్కలున్నాయన్న సంగతే కంటికి తెలియదు. అదే మీరు వెలుగునీడలు వేసి, వెంట్రుకలు గీసి ఉంటే, కాలు కదిలినప్పుడల్లా ఆ నీడ కూడా తిరిగి గుట్టు రట్టు చేసేది. చదునైన రంగుకు ఇంత గిరాకీ ఎందుకో ఇక్కడ అర్థమవుతుంది. అవతలివైపు రెండు కాళ్ళకు మాత్రం రంగు ఒక పిసరు ముదురుగా వేస్తాం. లేకపోతే నాలుగు కాళ్ళూ కలిసిపోయి ఏది ఇవతలిదో ఏది అవతలిదో తెలియదు.

వెనక కాలి దగ్గర చాలామంది కొత్తవాళ్ళు తికమకపడతారు. గిత్త వెనక కాలి మధ్యలో వెనక్కి పొడుచుకొచ్చినట్టు కనిపించేది మోకాలనుకుంటారు. అది మడమ. అసలు మోకాలు పైన, పొట్ట వారగా ఉంటుంది. గిత్త వేలికొసల మీద నడిచే జంతువు, గిట్టలంటే గోళ్ళే. ఇది తెలిస్తే కాలు ఎటు వంగాలో మళ్ళీ ఎవరూ చెప్పక్కర్లేదు.

అన్నిటికన్నా మొండిది గంగడోలు. పై కొస గొంతు దగ్గర తలతో పాటు కదలాలి. కింది కొస ముందుకాళ్ళ మధ్య రొమ్ముతో పాటు కదలాలి. ఒకే ముక్కకు ఇద్దరు యజమానులు. తలకు కట్టేస్తే, గిత్త తల ఎత్తగానే రొమ్ము దగ్గర ఊడి గాల్లో వేలాడుతుంది. ఒంటికి కట్టేస్తే గొంతు దగ్గర చీలుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ముక్కను రబ్బరులా వంచే ఏర్పాట్లున్నాయి. కానీ వాటితో గంగడోలు జిగురులా సాగుతుంది తప్ప చర్మంలా వేలాడదు. నాకు నచ్చే దారి రెండు ముక్కలు చేయడం. చిన్నది తలకు, పెద్దది ఒంటికి. ఒకదాని మీద ఒకటి సగం దాకా కప్పుకునేలా గీసి, రెండింటికీ అదే బూడిదరంగు వేస్తే, తల ఎంత ఆడించినా చూసేవాడికి ఒకటే మడత జారుతున్నట్టు కనిపిస్తుంది. మొత్తం పదిహేడు ముక్కలయ్యాయి. ఇంతకు మించి అక్కర్లేదు.

ఇప్పుడు నడక. దీనికి రేడియో చక్కగా పనికొస్తుంది, వినండి.

(బల్ల మీద సమాన వ్యవధిలో నాలుగు దెబ్బలు, రెండుసార్లు)

నాలుగు దెబ్బలు, సమానమైన దూరంలో. నింపాదిగా నడిచే గిత్త గిట్టల వరస ఇది. మొదటి దెబ్బ వెనక ఎడమ కాలు. రెండోది ముందు ఎడమ. మూడోది వెనక కుడి. నాలుగోది ముందు కుడి. చాలామంది ముందు కుడి, వెనక ఎడమ ఒకేసారి వేస్తారు. అది దుడుకు నడక, పరుగులాంటి నడక అవుతుంది, బండి లాగే గిత్త నడక కాదు. మన కన్ను ఈ విషయంలో బొత్తిగా నమ్మదగింది కాదు. గుర్రం దౌడు తీసేటప్పుడు కాళ్ళు ముందుకీ వెనక్కీ బారజాపి గాల్లో తేలుతుందని చిత్రకారులు ఎంతోకాలం గీస్తూ వచ్చారు. 1878లో కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫర్ పరుగుపందెం బాట పక్కన పన్నెండు కెమెరాలు వరసగా పెట్టి తీస్తే తేలిందేమిటి? నాలుగు కాళ్ళూ నేల విడిచేది, అవి పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు.

సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. గిత్త నాలుగు దెబ్బల ఒక పూర్తి నడకకు 32 ఫ్రేములు ఇద్దాం, అంటే సెకనుకు కాస్త పైన. అప్పుడు ఎనిమిదేసి ఫ్రేములకు ఒక దెబ్బ. 1, 9, 17, 25. అదే లేగదూడైతే 20 ఫ్రేములు చాలు. బొమ్మ మార్చకుండా ఈ ఒక్క అంకె మారిస్తే బరువు మారిపోతుంది. ముప్ఫై రెండులో ఒక్కో కాలు సుమారు ఇరవై ఫ్రేములు నేల మీదే ఉండాలి, పన్నెండు గాల్లో. గాల్లో ఉన్నప్పుడు దాని వేగం ఎక్కి దిగవచ్చు. నేల మీద ఉన్నప్పుడు మాత్రం ప్రతి ఫ్రేముకూ సరిగ్గా సమానంగా వెనక్కి జరగాలి. ఎందుకంటే నేల ఒకే వేగంతో పోతుంది. ఈ ఒక్కటి పాటించకపోతే గిత్త తడి గచ్చు మీద జారుతున్నట్టుంటుంది. టీవీలో ఎన్నో ఖరీదైన ప్రకటనల్లో జంతువులు ఇలాగే జారుతుంటాయి. ఒకసారి గమనించారంటే ఇక కంటికి అదే పడుతుంది, ముందే చెబుతున్నాను.

ముందుకాలు నేల తాకిన ప్రతిసారీ తల ఒక్క పిసరు దిగాలి. కాలు నిటారయ్యేసరికి లేవాలి. ఒక నడకలో రెండుసార్లు. గంగడోలు ఆ కదలికకు మూడు నాలుగు ఫ్రేములు ఆలస్యంగా ఊగాలి. తోక కదిలాక కుచ్చు కూడా అంతే. ఈ ఆలస్యం లేకపోతే చర్మం రేకులా ఉంటుంది. మూపురాన్ని మాత్రం ఊపకండి. ఊపితే నవ్వొస్తుంది, గిత్త పౌరుషం పోతుంది. ఏది కదలకూడదో చెప్పడానికి కూడా ఒక మనిషి ఉండాలి. యాప్‌లలో బొమ్మలన్నీ ఊరికే అటూ ఇటూ ఊగుతుండటం చూస్తే, ఆ మనిషి సెలవులో ఉన్నాడనిపిస్తుంది నాకు.

నిలబడ్డ గిత్తకు నెమరు చాలు. అసలు నెమరులో దవడ పక్కలకు తిరుగుతుంది. మన గిత్త పక్కవాటుగా ఉంది కాబట్టి పక్కలకు కదిలితే కనపడదు. దవడను కిందికి, కాస్త ముందుకు, మళ్ళీ పైకి ఒక చిన్న సున్నాలా తిప్పితే కన్ను దాన్ని నెమరుగానే ఒప్పుకుంటుంది. మధ్యలో ఒకసారి ఆపి, చెవి ఒక్కసారి విదిలించి, రెప్ప వాల్చండి. రెప్ప మూయడానికి రెండు ఫ్రేములు, తెరవడానికి మూడు.

పనిముట్ల గురించి ఎక్కువ చెప్పను. బ్లెండర్, క్రిటా, సిన్‌ఫిగ్ ఉచితంగా దొరుకుతాయి. 2016 నుంచి ఓపెన్‌టూంజ్ కూడా. పెద్ద స్టూడియోల్లో డబ్బు పెట్టి కొనేవి వేరే. ఏవీ లేకపోతే అట్టముక్కలు, టిచ్ బటన్లు, పైనుంచి ఒక ఫోను. అట్టముక్కలతో మొదలుపెట్టినవాళ్ళకు పివట్ ఎక్కడుండాలో వేళ్ళకే తెలిసిపోతుంది, కాబట్టి నా ఓటు దానికే.

చివరగా ఒక మాట, వీడియోను తిరిగి తిరిగి ఆడించబోయేవాళ్ళకు. గిత్త ఆగకుండా నడవాలంటే చివరి ఫ్రేము మొదటి ఫ్రేముకు చేరాలి. అందుకని చాలామంది మొదటి బొమ్మనే చివర మళ్ళీ పెడతారు. అప్పుడు ఒకే బొమ్మ వెంటవెంటనే రెండుసార్లు పడి ప్రతి చుట్టుకూ గిత్త ఒక్క క్షణం తడబడుతుంది. మొదటి బొమ్మ నకలును 33వ ఫ్రేములో ఉంచండి, కానీ వీడియోను 32 దగ్గరే తెంచండి.